బుడమేరును కొల్లేటి వైపు నుంచి చదవడం ఎలా

ఏటి సంగతి తెలుసుకోవాలంటే పుట్టిన కొండ దగ్గర మొదలుపెట్టి కిందికి రావడం అందరికీ అలవాటు. సరస్సులో పడే ఏటికి ఆ వరస కుదరదు, తిరగేసి చదవాలి. ముందు సరస్సు మట్టం, తర్వాత సరస్సులోంచి నీరు బయటికి పోయే దారి, ఆ తర్వాత ఏరు, చిట్టచివర కొండ. కింద నీరు దిగకపోతే పైన ఎంత వాలున్నా ఏరు వెనక్కి తన్నుతుంది కాబట్టి ఈ వరస. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరపు అంచున తిరిగి, గన్నవరం, నందివాడ వైపు పల్లాల మీదుగా కొల్లేట్లో పడే బుడమేరు దీనికి మంచి ఉదాహరణ. పైన కొండవాగు, నడుమ పట్నపు కాలువ, కింద డెల్టా మురుగు కాలువ. మూడు వేషాలూ ఒకే ఏటివి.

ముందు మ్యాపులు

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు కావాలి. పాత నంబర్లలో 65 డి/9 (మైలవరం), 65 డి/10 (విజయవాడ), 65 డి/14 (గన్నవరం నుంచి తూర్పుకు), 65 హెచ్/2 (కొల్లేటి నడిభాగం). ఒక్కో షీటు 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. నంబర్లు పై నుంచి కిందికి నాలుగు, మళ్లీ పక్క వరసలో నాలుగు చొప్పున నడుస్తాయి. అందుకే 10కి పక్కన తూర్పున 11 రాదు, 14 వస్తుంది. కొత్తగా షీట్లు అతికించేవాళ్లు మొదట పొరబడేది ఇక్కడే. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాపుల సైటులో దొరికే ఓపెన్ సిరీస్ పీడీఎఫ్‌లకు ఈ44తో మొదలయ్యే వేరే నంబర్లుంటాయి. కాబట్టి నంబరు కన్నా మూలల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాలు చూసి తీసుకోండి.

వీటితోపాటు నూలు దారం, స్కేలు, పెన్సిలు, 30 మీటర్ల టేపు, పది సెంటీమీటర్లకొక గాటు పెట్టిన వెదురు గెడ, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను ఉంటే చాలు. కంప్యూటర్ మీద పని చేసేవాళ్లకు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

కొల్లేటి లెక్క అడుగుల్లో

మీటర్ల కాలంలో కూడా కొల్లేటి మట్టాన్ని అడుగుల్లోనే చెప్పుకుంటారు. ప్లస్ ఐదు కాంటూరు అంటే సగటు సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తులో సరస్సు చుట్టూ గీసిన గీత. మీటర్లలో 1.52. ప్లస్ మూడు 0.91 మీటర్లు, ప్లస్ పది 3.05 మీటర్లు. 1999లో ప్రకటించిన అభయారణ్యం ప్లస్ ఐదు లోపలి 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది ప్లస్ పది వరకూ ఉన్న 901 చదరపు కిలోమీటర్లు. ఒకరు కొల్లేరు మూడు వందలంటారు, ఇంకొకరు తొమ్మిది వందలంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చెప్పని కాంటూరులోనే తేడా. ఏ విస్తీర్ణం రాసినా పక్కన కాంటూరు రాయడం మొదటి నియమం.

ఈ రెండు అంకెలతో ఒక చిన్న లెక్క కట్టండి. 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు నీరు పెరగాలంటే 308 × 0.3048, అంటే దాదాపు 94 మిలియన్ ఘనపు మీటర్లు కావాలి. ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 28.3 మిలియన్ ఘనపు మీటర్లు కాబట్టి ఇది సుమారు 3.3 టీఎంసీలు. రోజంతా సెకనుకు 11,574 ఘనపుటడుగులు, అంటే 11,574 క్యూసెక్కులు, వస్తే ఒక టీఎంసీ. కాబట్టి బయటికి పోయేది తీసేయగా నికరంగా 10 వేల క్యూసెక్కులు కొల్లేట్లోకి వస్తుంటే నాలుగు రోజుల లోపే అడుగు పెరుగుతుంది. ప్లస్ ఐదు నుంచి ప్లస్ పదికి ఎక్కాలంటే సగటున 600 చదరపు కిలోమీటర్ల మీద ఐదడుగులు, సుమారు 32 టీఎంసీలు కావాలి. ఆ ఐదడుగుల్లో అదనంగా మునిగే నేల 593 చదరపు కిలోమీటర్లు. నీరు పైకి లేచేది తక్కువ, పక్కలకు పాకేది ఎక్కువ అన్నమాట. లోపల చేపల చెరువుల గట్లు ఉన్నచోట ఈ లెక్క చెడుతుంది. గట్ల వెనక నేల నీటిని తీసుకోదు కాబట్టి అదే నీటికి మట్టం ఇంకా ఎక్కువ లేస్తుంది. 2006లో గట్లు కొట్టేసినప్పటి ఉపగ్రహ చిత్రాన్నీ ఇప్పటి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మీ లెక్కలో ఎంత నేల తీసేయాలో తెలుస్తుంది.

నీరు బయటపడే దారి

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక డెల్టా మురుగు కాలువలెన్నో నీళ్లు తెస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆకివీడు పక్కగా సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. కొల్లేటి చాంతాడు అనే మాట దీన్ని చూసి పుట్టలేదు గానీ దీనికీ సరిపోతుంది.

కొల్లేరు ప్లస్ ఐదులో ఉంటే సముద్రానికి ఉన్న తేడా 1.52 మీటర్లు. దాన్ని 60తో భాగిస్తే కిలోమీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు. పోటు అర మీటరు లేస్తే తేడా 1.02 మీటర్లకు, వాలు కిలోమీటరుకు 1.7 సెంటీమీటర్లకు పడిపోతుంది. తాపీ మేస్త్రీ బాత్‌రూమ్ నేలకు పెట్టే వాలు మీటరుకే ఒక సెంటీమీటరు ఉంటుంది! ఇంత చదునులో ఒక వంతెన కానాలు ఇరుకైనా, గుర్రపుడెక్క అడ్డం పడినా, పూడిక పేరుకున్నా మొత్తం కొల్లేరు ఆగిపోతుంది. అందుకని బుడమేరు వరద రోజున చూడాల్సిన మొదటి కాగితం వర్షపాతం పట్టిక కాదు, ఆ రోజు ఆటుపోట్ల పట్టిక. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజులైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎండాకాలంలో ఇదే చదును వల్ల ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది.

ఇథియోపియాలో బ్లూ నైల్ పుట్టుకగా చెప్పే గిల్‌గెల్ అబాయ్ నదిని దీని పక్కన పెట్టి చూడండి. అది 2,700 మీటర్లకు పైనున్న గిష్ ఊటల్లో పుట్టి, 1,785 మీటర్ల ఎత్తులో ఉన్న టానా సరస్సులో దక్షిణం వైపు నుంచి పడుతుంది. సరస్సు బయటికి పారే బహిర్ దార్ దగ్గర 1996లో కట్టిన చారా చారా ఆనకట్ట మట్టాన్ని అదుపు చేస్తుంది. ఆ కిందనే జలపాతాలున్నాయి కాబట్టి దిగువ నుంచి వెనక్కి తన్నే నీరే లేదు. అందువల్ల అక్కడ నది తెచ్చిన ఒండ్రు కలిసేచోటే పేరుకుని, సరస్సులోకి ముక్కులా పొడుచుకొచ్చిన డెల్టా ఉపగ్రహ చిత్రంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బుడమేరు మూతి దగ్గర అలాంటి ముక్కు కోసం వెతికితే దొరకదు. గట్లు, చేపల చెరువులు, తవ్విన కాలువలే కనిపిస్తాయి. కలిసే చోటు ఒక చుక్క కాదు, ఒక మండలమంత వెడల్పు. మ్యాపులో చుక్క పెట్టక తప్పదంటే, ఏటి గీత ప్లస్ ఐదు కాంటూరును తాకేచోట పెట్టి, అలా పెట్టానని రాయండి.

కాంటూర్లు లేని నలభై కిలోమీటర్లు

ఇక ఏటి వెంట పైకి రండి. 1:50,000 షీట్ల మీద కాంటూర్ల ఎడం 20 మీటర్లు. విజయవాడ నేల సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల చిల్లర ఎత్తు. అంటే బెజవాడ దాటాక కొల్లేటి దాకా, గాల్లో గీసిన గీతగా చూసినా నలభై కిలోమీటర్లకు పైగా, మ్యాపు మీద చదవడానికి ఒక్క కాంటూరు గీత కూడా ఉండదు. చదునుగా ఉందనుకుని వదిలేయకండి. ఊళ్లకు ఊళ్లు మునిగేది ఇక్కడే.

ఇక్కడ ఎత్తులు పట్టుకోవడానికి మూడు దారులున్నాయి. షీటు మీద రోడ్ల కూడళ్ల దగ్గర, గట్ల మీద చిన్న అంకెలుగా వేసిన స్పాట్ ఎత్తులు ఒకటి. కాలువల బెడ్ లెవెళ్లు, అంటే కాలువ అడుగు ఎత్తులు, రెండోది. అవి నీటిపారుదల శాఖ డ్రాయింగుల్లో ఉంటాయి, లాకుల గోడల మీద కూడా కొన్నిచోట్ల చెక్కి ఉంటాయి. మూడోది ఎవరికీ తట్టనిది, రైల్వే స్టేషన్ పసుపు బోర్డు. ఊరి పేరు కింద ఎంఎస్ఎల్ (సగటు సముద్ర మట్టం) అని రాసి ఉన్న అంకె ఆ స్టేషన్ ఎత్తు. విజయవాడ, గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఇటు నూజివీడు, ఏలూరు బోర్డులు చదివి రాసుకుంటే కొల్లేటి రెండు పక్కలా ఒక చట్రం తయారవుతుంది. స్టేషన్‌ను మట్టి పోసి లేపిన కట్ట మీద కడతారు కాబట్టి పక్క పొలం అంతకన్నా పల్లంగా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఫోను జీపీఎస్‌ను మాత్రం నమ్మొద్దు. కొల్లేటి గట్టు మీద నిలబడి చూస్తే కొన్ని యాప్‌లు మైనస్ డెబ్బై మీటర్లకు పైనే చూపిస్తాయి. ఫోను చెడిపోలేదు. ఉపగ్రహం కొలిచేది భూమికి గణితంగా ఊహించిన నున్నటి గుండు మీద నుంచి. మన తీరంలో అసలు సముద్ర మట్టం ఆ గుండు కన్నా డెబ్బై మీటర్లకు పైగా లోతున ఉంది. ఇస్రో వారి భువన్ సైటు నుంచి తీసుకునే కార్టోశాట్ ఉపగ్రహపు ఎత్తుల పటానిదీ ఇదే తీరు. సవరించకుండా వాడితే కృష్ణా డెల్టా మొత్తం సముద్రం కింద ఉన్నట్టు వస్తుంది. నాసా అంతరిక్ష నౌకలోని రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం పటం సముద్ర మట్టం నుంచే లెక్క చెబుతుంది గానీ, పూర్తి మీటర్లలోనే చెబుతుంది. పైగా కొబ్బరి తోట ఉన్నచోట చెట్ల ఎత్తును కూడా కలిపేస్తుంది. కొల్లేటి కాంటూర్ల మధ్య తేడాలే అడుగుల్లో ఉన్నప్పుడు మీటర్లలో తప్పే పటంతో సరస్సు ఒడ్డు గీయడం, మామిడికాయల కాటాలో బంగారం తూచడమే. కొండల వైపు మాత్రం అది బాగా పనికొస్తుంది.

పొడవు కొలవడానికి నూలు దారాన్ని తడిపి ఏటి గీత వెంట పరిచి, తీసి స్కేలు మీద పెట్టండి. ఒక సెంటీమీటరు అర కిలోమీటరు. దారం లాగితే సాగుతుంది కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీయండి. షీటు మీద చిన్న వంపులు నున్నగా గీసి ఉంటాయి. వంకరలు ఎక్కువగా ఉన్న ఒక ముక్కను ఉపగ్రహ చిత్రంలో కూడా కొలిచి, రెంటి నిష్పత్తితో మొత్తాన్ని సరిచేసుకోండి.

ఎనికేపాడు, వెలగలేరు

ఈ రెండు చోట్లా తప్పుగా చదివితే మిగతా పనంతా వృథా.

ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువను దాటుతుంది. మ్యాపులో రెండు నీలి గీతలు కూడలిలా కనిపిస్తాయి. కొత్తవాళ్లు రెండూ కలిసిపోయాయనుకుంటారు. అసలు అక్కడున్నది అండర్ టన్నెల్, ఊరివాళ్ల మాటలో యూటీ. కాలువ పైన పోతుంది, బుడమేరు కింద నుంచి తూముల్లో దూరి పోతుంది. తూముల నోటికి పట్టినంతే దిగువకు. మిగిలింది ఎగువన నిలిచిపోయి నగరం వైపు పాకుతుంది. ఏటి మీద ఇలాంటి దాటుడు ఎదురైన ప్రతిచోటా ఏది పైన, ఏది కింద, కింది దానికి ఎన్ని కానాలు, ఒక్కోటి వెడల్పు ఎత్తు ఎంత అని నాలుగు గళ్లు గీసుకుని నింపండి.

వెలగలేరు దగ్గర బుడమేరు రెండు దారులవుతుంది. రెగ్యులేటర్, అంటే గేట్లున్న అడ్డుకట్ట, దాటితే పాత ఏరు, నగరం మీదుగా కొల్లేటికి. పక్కకు తిప్పితే డైవర్షన్ ఛానెల్, ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో పడుతుంది. పోలవరం కుడి కాలువ కూడా ఇందులోనే కలుస్తుంది. కాబట్టి ఈ ఏటికి చివర ఎక్కడ అని ఎవరైనా అడిగితే గేట్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పాలి. ఇక్కడా మళ్లీ దిగువ మట్టానిదే పైచేయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అంత ఎత్తున నది నిండి ఉంటే పక్క నుంచి వచ్చే ఛానెల్ నీరు అందులో పడటం కష్టం. ఛానెల్ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఎడమ గట్టు, కుడి గట్టు అన్నప్పుడు నీరు పోయే వైపు ముఖం పెట్టి నిలబడి చెప్పాలి. ఎదురు తిరిగి నిలబడి రాసిన నోట్సు తర్వాత ఎవరికీ పనికిరాదు.

కొండల్లో పరీవాహక గీత

వెలగలేరు పైన కాంటూర్లు చేతికొస్తాయి. ఏ నేల మీద పడ్డ వాన ఈ ఏట్లోకి వస్తుందో దాని హద్దు, అంటే పరీవాహక గీత, ఇక్కడ గీయొచ్చు. రెగ్యులేటర్ దగ్గర చుక్క పెట్టి, దానికి ఎగువన బుడమేరులో కలిసే ప్రతి వాగునూ నీలి పెన్సిలుతో దిద్దండి. తర్వాత చుక్క నుంచి ఒక పక్కకు గట్టు (ఇక్కడ రెండు లోయల నడుమ ఉండే కొండ వీపు) వెంట ఎక్కుతూ, కాంటూర్లను అడ్డంగా లంబకోణంలో కోసుకుంటూ శిఖరం మీదికి, శిఖరం నుంచి శిఖరానికి, మధ్యలో జీనులా దిగి ఉండే పల్లాల మీదుగా వెళ్లి, అటు పక్కగా మళ్లీ చుక్క దగ్గరికి దిగండి. కాంటూరు మొన పైకి, అంటే ఎత్తు వైపు తిరిగితే అది లోయ. కిందికి తిరిగితే గట్టు. మీ గీత ఎక్కడా నీలి గీతను దాటకూడదు, చివరి చుక్క దగ్గర తప్ప. దాటిందంటే అక్కడ గట్టు బదులు లోయలోకి దిగిపోయారన్నమాట, రబ్బరు తీయండి.

ఈ ప్రాంతంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కొమ్మలున్నాయి. కాలువ గట్టును పరీవాహక గట్టుగా పొరబడటం తరచూ జరిగే తప్పు. వాగులు కాలువ కింద తూముల్లోంచి ఇవతలికి వస్తాయి. క్యూజీఐఎస్‌లో నీటి దారులు లెక్కించేటప్పుడు కూడా ఇదే తంటా. కాలువ కట్ట, హైవే కట్ట ఆనకట్టల్లా అడ్డుపడి, వాగు కట్ట వెంట కిలోమీటర్లు పక్కకు పోయినట్టు వస్తుంది. వంతెనలు, తూములు ఉన్నచోట పటంలో ఎత్తును చేత్తో తగ్గించి దారి కోశాకే లెక్క నడపండి. గుంటలు పూడ్చే ఆదేశం ఇచ్చేటప్పుడు కొల్లేటిని మినహాయించాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ సరస్సునే పెద్ద గుంటనుకుని పూడ్చేసి, దాని మీద నుంచి తిన్నగా ఒక ఏరు గీస్తుంది.

ఏటిలో ఎంత పారుతోంది

మామూలు రోజుల్లో, నీరు మోకాలు నుంచి నడుము లోపు ఉన్నప్పుడే ఇది చేయండి. కొండల మీద మబ్బు కమ్మి ఉంటే ఏట్లో దిగొద్దు. మీరున్నచోట చినుకు లేకపోయినా నీరు ఒక్కసారిగా లేస్తుంది.

జి.కొండూరు పరిసరాల్లో వంపు లేని 20 మీటర్ల పాయ చూసుకోండి. వంతెన స్తంభాలకు దగ్గరగా వద్దు, అక్కడ నీరు సుడి తిరుగుతుంది. రెండు చివరలా తాడు కట్టి, మధ్యలో ఒకచోట అడ్డంగా మీటరుకొకసారి గెడ దించి లోతు రాయండి. ఉదాహరణకు 8 మీటర్ల వెడల్పులో లోతులు 0.2, 0.5, 0.7, 0.9, 0.8, 0.6, 0.3 వచ్చాయనుకుందాం. ఒడ్డుల దగ్గర సున్నా. కూడితే 4.0, ఎడం ఒక మీటరు కాబట్టి అడ్డుకోత 4 చదరపు మీటర్లు. గెడను బురదలోకి గుచ్చితే లోతు ఎక్కువ వస్తుంది. అడుగున చిన్న చెక్క బిళ్ల కొట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు నడి ఏట్లో ఒక కొబ్బరి బోండాన్ని మొదటి తాడుకు కొంచెం ఎగువన వదిలి, తాడు నుంచి తాడుకు పట్టిన సెకన్లు లెక్కపెట్టండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా పనికిరాదు, గాలి తోసేస్తుంది. సగం నీళ్లు నింపితే ఫరవాలేదు. అయిదుసార్లు చేస్తే 38, 41, 40, 62, 41 వచ్చాయనుకోండి. 62 అంటే ఎక్కడో గుర్రపుడెక్కకు తగులుకుంది, తీసేయండి. మిగిలిన నాలుగింటి సగటు 40 సెకన్లు, వేగం సెకనుకు అర మీటరు. పైనీరు లోపలి నీటి కన్నా వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణిస్తే 0.425. రాళ్లు తేలిన పలుచని పాయ అయితే 0.7 వాడండి. 4 × 0.425 = సెకనుకు 1.7 ఘనపు మీటర్లు. 35.3తో గుణిస్తే 60 క్యూసెక్కులు.

వరదను పై నుంచి చూడటం

వరద రోజుల్లో మబ్బు వదలదు కాబట్టి మామూలు కెమెరా చిత్రం దొరకదు. ఉచితంగా దొరికే సెంటినెల్-1 రాడార్ చిత్రం మబ్బులోంచీ చూస్తుంది. నిలిచిన నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. నల్లగా ఉన్నదంతా వరదని లెక్క కడితే మాత్రం మోసపోతారు. ఆ నెలల్లో నాట్లు వేసిన మడులూ నలుపే, చేపల చెరువులు ఏడాది పొడవునా నలుపే. వరదకు ముందటి చిత్రాన్ని పక్కన పెట్టుకుని చెరువుల గట్ల గీతలను చూడండి. గట్లు సన్నటి తెల్ల గళ్లలా కనిపిస్తున్నంతసేపూ నీరు చెరువుల్లోనే ఉంది. ఆ గళ్లు చెరిగిపోయి ఒకే మచ్చగా మారినచోట ఏరు గట్టెక్కింది. ఆ మచ్చ అంచును పెన్సిలుతో మీ ప్లస్ ఐదు గీత మీదికి ఎక్కించి, పక్కన తేదీ, వేళ, ఆ వేళకు సముద్రం పోటో ఆటో రాయండి.

ఇదే వరసలో తమ్మిలేరును చేసేటప్పుడు రెండు తేడాలు గుర్తుపెట్టుకోండి. చింతలపూడి దగ్గర నాగిరెడ్డిగూడెం జలాశయం దాన్ని మధ్యలో ఆపుతుంది కాబట్టి పరీవాహక గీతను జలాశయానికి ఎగువ, దిగువ అని రెండు ముక్కలుగా గీయాలి. ఏలూరు దగ్గర అది రెండు పాయలై ఊరిని మధ్యలో పెట్టుకుంటుంది, కాబట్టి బోండాం రెండుసార్లు వదలాలి.